బోనుకు లైసెన్సు

ఫర్ కోట్ల కోసం జంతువులను పెంచుకోమని ఐరోపా ప్రభుత్వాలు దశాబ్దాల పాటు అనుమతులిచ్చాయి. బోను పొడవు వెడల్పులు కొలిచాయి, కంచె ఎత్తు చూశాయి, సంతకాలు పెట్టాయి. బోనులో ఉన్న జంతువుకు ఏం కావాలో మాత్రం చాలాకాలం అడగలేదు. అడిగిన దేశాల్లో ఏం జరిగిందో, అడగని దేశాలు ఎంత మూల్యం చెల్లించాయో చెప్పే కథనమిది.

2020 నవంబరు 4న డెన్మార్క్ ప్రధాని మెట్టె ఫ్రెడరిక్సన్ టీవీ కెమెరాల ముందుకు వచ్చి దేశంలోని మింక్‌లన్నింటినీ చంపేయాలని ప్రకటించారు. అన్నీ అంటే అన్నీ. జబ్బు సోకినవీ, సోకనివీ, వచ్చే ఏడాది ఈనడానికి ఎంచి పెట్టుకున్న ఆడవీ. కోటిన్నర నుంచి కోటీ డెబ్బై లక్షల దాకా ఉంటాయని అంచనా. ఆ దేశంలో మనుషులు 58 లక్షల మందే.

కారణం కరోనా. ఆ ఏడాది జూన్‌లో ఉత్తర జట్‌లాండ్‌లోని ఒక ఫారంలో మింక్‌లకు వైరస్ సోకినట్టు తేలింది. మనుషుల నుంచి వాటికి అంటుకున్న జబ్బు, వరసగా పేర్చిన బోన్లలో ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతూ రూపం మార్చుకుని తిరిగి మనుషుల్లోకి వచ్చింది. ‘క్లస్టర్ 5’ అని పేరు పెట్టిన ఒక రకం 12 మందిలో కనబడింది. టీకా ఇంకా జనం చేతికి అందని రోజులవి. ఇలాంటి మార్పులు పెరిగితే రాబోయే టీకా బలం తగ్గవచ్చని, మింక్ పెంపకం కొనసాగడం ప్రజారోగ్యానికే ముప్పని అక్కడి అంటువ్యాధుల సంస్థ స్టేట్ సీరమ్ ఇన్‌స్టిట్యూట్ హెచ్చరించింది. ప్రధాని ప్రకటన వెనక ఉన్న భయం నిజమైనదే.

ఫారాలకు ఉత్తర్వులు వెళ్లాయి. పోలీసులు యజమానులకు ఫోన్లు చేశారు. సైనికులు సాయానికి దిగారు. అయిదు రోజుల్లో పని పూర్తిచేస్తే ఒక్కో మింక్‌కు 20 క్రోనర్లు అదనంగా ఇస్తామన్నారు. చంపడం మొదలై కొన్ని రోజులు గడిచాక అసలు సంగతి బయటపడింది. జబ్బు సోకిన ఫారాల్లోనూ, వాటి చుట్టూ గీసిన పరిధిలోనూ జంతువులను చంపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ పరిధికి బయట, ఆరోగ్యంగా ఉన్న మందను చంపమనే అధికారం ఏ చట్టంలోనూ లేదు. అప్పటికే షెడ్లకు షెడ్లు ఖాళీ అయిపోయాయి. వ్యవసాయ, ఆహార శాఖల మంత్రి మోన్స్ యెన్సెన్ నవంబరు 18న రాజీనామా చేశారు. చంపడానికి అనుమతించే చట్టాన్ని పార్లమెంటు డిసెంబరులో ఆమోదించింది. దాన్ని అమలు చేయడానికి అప్పటికి మింక్‌లు మిగల్లేదు.

డెన్మార్క్ చట్టాలు లేని దేశం కాదు. ప్రతి ఫారమూ రిజిస్టరులో ఉంది. బోను ఎంత ఉండాలో, గూడు పెట్టెలో గడ్డి ఎలా పరచాలో, చంపే గ్యాసు ఏదో నిబంధనల్లో రాసి ఉంది. పశువైద్యులు వచ్చి చూసి వెళ్లేవారు. లోకంలో మింక్ తోళ్లు ఎక్కువగా పండించిన దేశమది. అంత కట్టుదిట్టంగా నడిచే చోట కూడా, అతి ముఖ్యమైన రోజున ప్రభుత్వం చేతిలో చట్టం లేదు. జంతువు గురించి అడగాల్సిన ప్రశ్న అడగకుండా ఇచ్చిన అనుమతి చివరికి జంతువునూ కాపాడలేదు, రైతునూ కాపాడలేదు, పక్కింటి మనిషినీ కాపాడలేదు. ఫర్ ఫారాల చరిత్ర మొత్తంలో నాకు కనిపించేది ఇదే.

ఒంటరిగా తిరిగే జీవి

మింక్‌ను మనవాళ్లు చూసి ఉండరు. కోరింగ మడ అడవుల్లో, కృష్ణా ముఖద్వారంలో ఈదులాడే నీటికుక్కలున్నాయే, వాటి కుటుంబానికి చెందిందే ఇది. సొంత ఊరు ఉత్తర అమెరికా. నది ఒడ్డున ఒంటరిగా బతుకుతుంది. తన హద్దులోకి మరో మింక్‌ను రానివ్వదు. నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది, గట్టెక్కి ఎలుకల్ని వేటాడుతుంది. చలికాలం ముదరకముందే ఒంటిమీద దట్టంగా, మెత్తగా పెరిగే బొచ్చు దానికి రక్ష. ఆ రక్షే దానికి శాపమైంది.

ఫారంలో దాని ఏడాది ఒక లెక్క ప్రకారం గడుస్తుంది. మార్చిలో జత కట్టిస్తారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో పిల్లలు పుడతాయి. వేసవిలో తల్లి నుంచి వేరు చేసి రెండేసి పిల్లల్ని ఒక్కో బోనులో పెడతారు. నవంబరులో చలి బొచ్చు పూర్తిగా పట్టగానే, ఈనడానికి కొన్నింటిని ఉంచుకుని మిగతా అన్నింటినీ చంపేస్తారు. ఏడు నెలల ఆయుష్షు. మింక్‌లను గ్యాసు పెట్టెలో వేస్తారు. నక్కలనైతే బొచ్చు పాడవకుండా కరెంటు పెట్టి చంపుతారు. రెండూ ఐరోపా యూనియన్ చట్టం ఒప్పుకున్న పద్ధతులే.

బోను సంగతి చూడండి. ఐరోపా దేశాల మండలి 1999లో ఫర్ జంతువులకు కొన్ని ప్రమాణాలు నిర్దేశించింది. ఒక పెద్ద మింక్‌కు నేల వైశాల్యం 2,550 చదరపు సెంటీమీటర్లు, ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండాలంది. మీ ఇంటికొచ్చే దినపత్రికను మధ్య మడత విప్పి నేలమీద పరిస్తే అంతకన్నా ఎక్కువ చోటే ఆక్రమిస్తుంది. అందులోనే ఆ జంతువు పుట్టాలి, పెరగాలి, పోవాలి. అడుగున ఇనుప తీగల జాలీ. ఈదడానికి నీళ్లు లేవు. ప్రమాణాలు రాసినవారికి మింక్ నీటి జంతువన్న సంగతి తెలియక కాదు. నీళ్లు పెట్టాలంటే బోను లెక్కలు కుదరవు.

నీళ్లు దానికి నిజంగా అంత అవసరమా అని అడిగినవారు లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన జార్జియా మేసన్, మరో ఇద్దరు పరిశోధకులు 2001లో ‘నేచర్’ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. ఫారంలో పుట్టిన మింక్‌లకు రకరకాల వసతులు చూపించి, ఒక్కోదానికి వెళ్లే తలుపు మీద బరువు పెంచుతూ పోయారు. బొమ్మలున్నాయి, అదనపు గూడు ఉంది, ఎత్తు అరుగు ఉంది, నీటి తొట్టి ఉంది. మింక్‌లు అన్నింటికన్నా ఎక్కువ కష్టపడి నెట్టింది నీటి తొట్టి తలుపునే. ఆ తొట్టిని దూరం చేసినప్పుడు వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోను పెరిగింది. తిండి దూరం చేసినప్పుడు ఎంత పెరిగిందో ఇంచుమించు అంతే. తరతరాలుగా బోనులోనే పుట్టిన జీవులవి. నదిని ఎన్నడూ చూడని జీవులవి.

తరాలు గడిస్తే మచ్చికైపోతాయి కదా అని ఫర్ పరిశ్రమ తరచూ వాదిస్తుంది. సోవియట్ రష్యాలోని నోవొసిబిర్స్క్‌లో దిమిత్రి బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన ప్రయోగం ఈ వాదనకు గట్టి జవాబు. ఫర్ ఫారాల నుంచి తెచ్చిన వెండి నక్కల్లో మనిషికి తక్కువగా బెదిరేవాటినే ఎంచుకుని తరం తరువాత తరం జతకట్టించాడాయన. కొన్ని తరాలకే తోక ఊపే నక్కలు వచ్చాయి. వాటితోపాటే వేలాడే చెవులు, మెలి తిరిగిన తోకలు, ఒంటిమీద తెల్లమచ్చలు వచ్చాయి. అంటే జంతువు మచ్చికయ్యే దారిలోనే దాని తోలు వెల తగ్గే మచ్చలూ ఉన్నాయి. పరిశ్రమ ఎంచుకుంటూ వచ్చింది బొచ్చును, నెమ్మదితనాన్ని కాదు. ఆవుకూ మనిషికీ మధ్య వేల ఏళ్ల సహవాసం ఉంది. మింక్‌తో ఫారాల సంబంధం సుమారు నూటయాభై ఏళ్లదే, అదీ జాలీకి ఆవలి నుంచే.

కంచె గురించి మాత్రమే అడిగిన అనుమతి

ప్రభుత్వం లైసెన్సు ఇస్తుందంటే దేన్ని చూసి ఇస్తుంది? బ్రిటన్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ మింక్ ఫారాలు 1929లో మొదలయ్యాయి. అదే రోజుల్లో ఫర్ కోసమే తెచ్చిన మస్క్‌రాట్ అనే ఎలుక జాతి జీవులు తప్పించుకుని నదీ గట్లను తొలిచేయడంతో, విధ్వంసకర దిగుమతి జంతువుల చట్టం 1932లో వచ్చింది. మస్క్‌రాట్‌లను కొన్నేళ్లలో ఏరిపారేయగలిగారు. మింక్‌ల విషయంలో మాత్రం ఆలస్యమైంది. తప్పించుకున్న మింక్‌లు డెవన్‌లోని టీన్ నది ఒడ్డున పిల్లలు పెడుతున్నాయని 1956లో రూఢి అయింది. తర్వాత లైసెన్సులు తప్పనిసరి చేశారు. ఆ షరతులు చదివితే చాలావరకు కంచె గురించే ఉంటాయి. జంతువు బయటికి పోకుండా ఏం చేయాలన్నదే ప్రభుత్వం బెంగ. లోపల అది ఎలా ఉంటుందన్నది లైసెన్సు పట్టించుకున్న విషయం కాదు.

కంచె పని కూడా జరగలేదు. నీటి గట్లలో బొరియలు చేసుకుని బతికే వాటర్ వోల్ అనే చిన్న జీవి బ్రిటన్ నదుల పక్క నుంచి దాదాపు కనుమరుగైంది. గట్లు చెడిపోవడం ఒక కారణం, మింక్ వేట మరో పెద్ద కారణం. ఆడ మింక్ సన్నగా ఉండి వోల్ బొరియలోకే దూరిపోగలదు. పారిపోయే దారి ఉండదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1989లోది. బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే పశు సంక్షేమ మండలి ఒకటుండేది. కోళ్లకూ పందులకూ ఉన్నట్టే మింక్‌లకూ నక్కలకూ ఒక సంక్షేమ నియమావళి కావాలన్న ప్రశ్న వచ్చింది. మండలి నియమావళి రాయడానికి ఒప్పుకోలేదు. అడవి జంతువులను చిన్న బోన్లలో ఉంచే ఈ పద్ధతి కనీస అవసరాలను కూడా తీర్చడం లేదు, దీనికి నియమావళి రాస్తే ఆమోదముద్ర వేసినట్టవుతుంది అన్నది వారి మాట. సలహా మండళ్లు సాధారణంగా ఇలా మాట్లాడవు. రెండు సెంటీమీటర్లు పెంచమని, గడ్డి ఇంకొంచెం వేయమని రాసి పంపడం వాటికి తేలిక. రాయకపోవడమే నిజాయితీ అని ఆ మండలి గుర్తించింది.

పార్లమెంటు 2000లో ఫర్ పెంపకాన్ని నిషేధించింది. కేవలం తోలు కోసమో, ప్రధానంగా తోలు కోసమో జంతువును పెంచి చంపడం నేరం. చట్టం వచ్చేనాటికి మిగిలినవి డజను పైచిలుకు ఫారాలే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటికి అవి మూతపడ్డాయి, యజమానులకు పరిహారం అందింది. దేశంలో ఈ పనికి వీల్లేదని నైతికత పేరుతో చెప్పిన తొలి చట్టాల్లో ఇదొకటి.

షరతు మార్చిన దేశాలు

నిషేధం అన్న మాట వాడకుండానే ఫర్ ఫారాలు మూతపడిన దేశాలున్నాయి. ఆ దేశాలు లైసెన్సు షరతును మార్చాయి, అంతే.

స్వీడన్ 1990ల మధ్యలో నక్కల విషయంలో ఒక నిబంధన తెచ్చింది. నక్కకు తిరగడానికి, తవ్వడానికి, తోటి నక్కలతో కలిసి ఉండడానికి వీలుండేలా పెంచాలంది. నక్క అన్నాక తవ్వుతుంది. ఈ మాత్రం అడగడం అత్యాశ కాదు. కానీ ఆ షరతుతో ఫారం గిట్టుబాటు కాలేదు. 2000ల మొదటికల్లా స్వీడన్‌లో నక్కల ఫారాలు లేకుండా పోయాయి. స్విట్జర్లాండ్‌లో అడవి జంతువులను ఉంచాలంటే జంతు ప్రదర్శనశాలల స్థాయి వసతి చూపాలి. అక్కడ ఫర్ ఫారం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

జర్మనీ కథ ఇంకా స్పష్టమైనది. పెద్ద ఆవరణ ఉండాలి, మింక్‌కు ఈదడానికి నీటి తొట్టి ఉండాలి అని అక్కడి ప్రభుత్వం 2006లో నిబంధనలు రాసింది. రైతులు కోర్టులకెళ్లారు, ఏళ్లు గడిచాయి. 2017లో పార్లమెంటు ఆ షరతులను చట్టంలోనే పెట్టి, అయిదేళ్ల గడువిచ్చింది. గడువు తీరేదాకా ఆగాల్సిన పని రాలేదు. చివరి ఫారం 2019లోనే మూతపడింది.

ఈ మూడు దేశాల అనుభవం చదివినప్పుడు ఒక విషయం మనసులో గుచ్చుకుంటుంది. ‘జంతువుకు కావాల్సింది ఇవ్వు, ఆ తర్వాత నీ వ్యాపారం చేసుకో’ అని ప్రభుత్వం మొదటిసారి నిజాయితీగా అడగ్గానే వ్యాపారం నిలబడలేకపోయింది. అంటే అంతకు ముందు దశాబ్దాల పాటు ఇచ్చిన ప్రతి లైసెన్సూ జంతువు వాటాను కోసి రైతుకు లాభంగా పంచిన కాగితమే. రైతును నిందించి లాభం లేదు. అతను అడిగినవన్నీ పాటించాడు. ఆ కాగితం రాసినవారిదే బాధ్యత.

పరిశ్రమ తనవంతుగా ఒక ప్రయత్నం చేసింది. ‘వెల్‌ఫర్’ పేరుతో ఐరోపా ఫర్ సంఘాలు ఫారాలకు మార్కులేసే పద్ధతి పెట్టుకున్నాయి. శాస్త్రవేత్తల సాయంతోనే తయారైన పద్ధతి. చిక్కేమిటంటే అది ఫారాలను ఒకదానితో ఒకటి పోల్చి, ఉన్న బోన్లలో మెరుగైనది ఏదో చెబుతుంది. బోను అన్నదే చాలదేమోనన్న ప్రశ్నకు అందులో మార్కుల్లేవు. వ్యాపారం తనకు తానే పరీక్ష పెట్టుకున్నప్పుడు ప్రశ్నపత్రం ఇలాగే ఉంటుంది.

గాలి, పక్షి, బోను

నెదర్లాండ్స్ 2012లో మింక్ పెంపకాన్ని నిషేధిస్తూ చట్టం చేసి, రైతులకు 2024 దాకా గడువిచ్చింది. గడువు నడుస్తుండగానే 2020 ఏప్రిల్‌లో నార్త్ బ్రబాంట్ ప్రాంతంలోని రెండు ఫారాల్లో కరోనా బయటపడింది. జంతువు నుంచి మనిషికి ఈ వైరస్ అంటుకున్నట్టు మొదటిసారి శాస్త్రీయంగా నిరూపితమైంది అక్కడి మింక్ ఫారాల్లోనే. దాదాపు 70 ఫారాలకు జబ్బు పాకింది. 2024 అనుకున్న తలుపును 2021 జనవరిలోనే మూసేశారు.

తర్వాత బర్డ్ ఫ్లూ వంతు. 2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో కరాల్ దగ్గర ఒక మింక్ ఫారంలో హెచ్5ఎన్1 వైరస్ పాకింది. అక్కడి దాదాపు 52 వేల మింక్‌లను చంపేశారు. పక్షి నుంచి క్షీరదానికి ఈ వైరస్ రావడం కొత్త కాదు. క్షీరదం నుంచి క్షీరదానికి పాకిందన్న అనుమానమే ప్రపంచవ్యాప్తంగా వైద్యులను కలవరపెట్టింది. మరుసటి ఏడాది ఫిన్లాండ్‌లోని ఆస్ట్రోబోత్నియా తీరంలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడి షెడ్లకు పైకప్పు ఉంటుంది, గోడలుండవు. మేత కోసం సీగల్ పక్షులు లోపలికి వస్తాయి. 70కి పైగా ఫారాలకు జబ్బు సోకి, నక్కలూ మింక్‌లూ రకూన్ డాగ్‌లూ కలిపి 4 లక్షలకు పైగా జంతువులను చంపాల్సి వచ్చింది.

బర్డ్ ఫ్లూ అంటే ఏమిటో మన గోదావరి జిల్లాలకు ఒకరు చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకు ఇదే జబ్బు తేలినప్పుడు ఫారాల చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లను పూడ్చిపెట్టడం, కోడిమాంసం దుకాణాలు మూతపడడం చూశాం. కోడి పక్షి. మింక్ మనలా పాలిచ్చి పిల్లల్ని పెంచే జీవి, దాని ఊపిరితిత్తుల్లో వైరస్ నేర్చుకునేది మన ఊపిరితిత్తులకు ఎక్కువ దగ్గర. అలాంటి జీవులు వేలకు వేలు ఒకే కప్పు కింద ముక్కులు తాకేంత దగ్గరగా ఉన్నాయి. లైసెన్సు షరతుల్లో ఇది ఎక్కడా లేదు.

ఫిన్లాండ్ దీనికి కనుక్కున్న మందు వినండి. 2024లో మనుషులకు బర్డ్ ఫ్లూ టీకా వేయడం మొదలుపెట్టింది. పదివేల మందికి సరిపడా కొన్నది. మొదటి వరసలో ఉన్నది ఫర్ ఫారాల పనివాళ్లు. పనివాళ్లను కాపాడడం సరైన పనే, దాన్ని తప్పుపట్టను. అయితే ఒక పరిశ్రమ నడవాలంటే దాని కూలీలకు ప్రభుత్వం ఖర్చుతో మహమ్మారి టీకా వేయాల్సి వస్తోందంటే, ఆ ఖర్చు కోటు ధరలో కలవడం లేదంటే, అనుమతిని మళ్లీ తీసి చదవాల్సిన సమయం వచ్చినట్టే.

డెన్మార్క్ లెక్క తేల్చుకున్న తీరు

చంపడం అయ్యాక డెన్మార్క్‌కు కష్టాలు మొదలయ్యాయి. దహనశాలలు చాలలేదు. పశ్చిమ జట్‌లాండ్‌లో హోల్‌స్టెబ్రో, కరుప్ పట్టణాల దగ్గరున్న సైనిక భూముల్లో గోతులు తవ్వి లక్షల కళేబరాలను పూడ్చారు. ఇసుక నేల, లోతు తక్కువ. లోపల గ్యాసు పుట్టి కళేబరాలు పైకి తేలాయి. దగ్గర్లోని సరస్సు, భూగర్భ జలం పాడవుతాయని జనం ఆందోళన చేశారు. చివరికి 2021 మేలో అవన్నీ తవ్వి తీసి కాల్చడం మొదలుపెట్టారు.

రైతుల సంగతి వేరే వ్యథ. తాతల కాలం నుంచి రంగు రంగుల జాతులను జతకూర్చి పెంచుకున్న కుటుంబాలవి. వారే సభ్యులుగా 1930 నుంచి నడిచిన సహకార సంస్థ కోపెన్‌హాగెన్ ఫర్, లోకంలో అతిపెద్ద తోళ్ల వేలం నడిపేది. ఇక మూసేస్తున్నామని 2020 నవంబరులోనే ప్రకటించింది. కోల్డింగ్ దగ్గర ఖాళీ అయిన ఒక ఫారం చూడడానికి వెళ్లిన ప్రధాని కెమెరాల ముందు కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీరు నిజమో నటనో అన్న చర్చ అక్కడ చాలా జరిగింది. నాకు ఆ చర్చ మీద ఆసక్తి లేదు. చట్టం లేకుండా ఒక మనిషి జీవనాన్ని తుడిచేసిన ప్రభుత్వం, కన్నీటితో కాక వివరణతో జవాబు చెప్పాలి.

వివరణ అడిగే పని ఆ దేశం చేసింది. అందుకు మెచ్చుకోవాలి. ఒక న్యాయమూర్తి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. ప్రధాని ఫోనులోని సందేశాలు 30 రోజుల తర్వాత వాటంతటవే చెరిగిపోయేలా అమర్చి ఉన్నాయని, తిరిగి తేలేమని ఆ క్రమంలోనే తెలిసింది. 2022 జూన్ 30న వచ్చిన నివేదిక, నవంబరు 4 నాటి ప్రధాని ప్రకటన తీవ్రంగా తప్పుదోవ పట్టించేదని తేల్చింది. చట్టం లేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలుసని మాత్రం చెప్పలేదు. పార్లమెంటు ఆమెను మందలించింది. మద్దతిస్తున్న ఒక పార్టీ పట్టుపట్టడంతో నవంబరులో ఎన్నికలు వచ్చాయి. ఆమె మళ్లీ గెలిచారు.

పరిహారం కోసం 2021 జనవరిలో పార్టీల మధ్య కుదిరిన ఒప్పందం విలువ 1,880 కోట్ల క్రోనర్లు. మన లెక్కలో 20 వేల కోట్ల రూపాయల పైమాట. చంపిన జంతువులకే కాక, ముందు ముందు పోయే ఆదాయానికీ అందులో లెక్క కట్టారు. మింక్ పెంపకంపై పెట్టిన తాత్కాలిక నిషేధాన్ని 2023 జనవరిలో ఎత్తేశారు. మళ్లీ మొదలుపెట్టడానికి వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ సొమ్ములో పదోవంతు పదేళ్ల ముందు ఖర్చుపెట్టి, గడువిచ్చి, చట్టం చేసి గౌరవంగా మూసి ఉంటే కోటిన్నర జీవులు గోతుల్లో పడేవి కావు, వెయ్యికి పైగా కుటుంబాలు ఒక్క రాత్రిలో దిక్కుతోచక నిలబడేవీ కావు. 2013 తర్వాత తోళ్ల ధరలు పడిపోతూనే ఉన్నాయి. అప్పుడే మాట్లాడి ఉండాల్సింది.

ఒకచోట మూస్తే మరోచోట

పరిశ్రమ చెప్పే వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని పక్కకు నెట్టలేం. ఐరోపాలో మూసేస్తే ఫారాలు చైనాకు వెళ్తాయి, అక్కడ నిబంధనలు ఇంకా తక్కువ, జంతువుకు ఒరిగేదేముంది అంటారు. చైనా పెద్ద ఉత్పత్తిదారే, పెద్ద కొనుగోలుదారూ అదే. బ్రిటన్ విషయానికొస్తే, తన గడ్డ మీద పెంపకం నేరమని చెప్పిన దేశంలోనే బయటి నుంచి వచ్చిన ఫర్ అమ్ముకోవచ్చు. చట్టం సగం దూరమే నడిచింది.

మిగతా సగం నడిచినవారూ ఉన్నారు. కాలిఫోర్నియాలో 2023 నుంచి కొత్త ఫర్ అమ్మకం నిషిద్ధం. ఇజ్రాయెల్ 2021లో మతపరమైన టోపీలకు మినహాయింపునిచ్చి ఫర్ వ్యాపారాన్ని ఆపింది. మన దేశం వీరికన్నా ముందుంది. మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని 2017 జనవరిలోనే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నిషేధించింది. మన దేశంలో చాలాచోట్ల ఫర్ కోటు తొడిగే చలీ లేదు, పెంచే పరిశ్రమా లేదు కాబట్టి ఇది సులువైన నిర్ణయమే అనొచ్చు. సులువైనదే. అయినా దిగుమతి తలుపు దగ్గర అడ్డుచెప్పడం ఎలాగో అది చూపిస్తుంది. ఐరోపా తన మార్కెట్ గేటు దగ్గర ఇదే పని చేస్తే చైనా వాదన చాలావరకు కరిగిపోతుంది.

ఇప్పుడు బంతి ఎవరి దగ్గర

ఫర్ ఫారాలనూ ఫర్ అమ్మకాన్నీ యూనియన్ మొత్తంలో ఆపాలని కోరుతూ 15 లక్షల మందికి పైగా ఐరోపా పౌరులు చేసిన సంతకాలు 2023లో యూరోపియన్ కమిషన్ ముందుకు వెళ్లాయి. కమిషన్ వెంటనే తేల్చకుండా తన ఆహార భద్రత సంస్థను శాస్త్రీయ అభిప్రాయం అడిగింది. 2025 జులైలో ఆ అభిప్రాయం వచ్చింది. మింక్, నక్క, రకూన్ డాగ్, చించిల్లా జీవులు అనుభవించే ఇబ్బందుల్లో చాలావాటిని ఇప్పుడున్న బోను పద్ధతిలో నివారించడం గానీ, చెప్పుకోదగ్గంత తగ్గించడం గానీ సాధ్యం కాదని శాస్త్రవేత్తలు రాశారు. బ్రిటన్ మండలి 1989లో అన్న మాటే ఇది. 36 ఏళ్లు పట్టింది.

ఈలోగా దేశాలు ఒక్కొక్కటే తేల్చుకుంటున్నాయి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, రొమేనియా చట్టాలు చేశాయి. ఐరోపాలో పెద్ద ఉత్పత్తిదారైన పోలండ్ కూడా 2025 డిసెంబరులో ఆ దారికి వచ్చింది. అక్కడి చట్టం నిర్మాణం ఆలోచించదగ్గది. కొత్త ఫారాలకు వీల్లేదు. ఉన్నవాటికి 2033 చివరిదాకా గడువు. ముందు మూసినవారికి ఎక్కువ పరిహారం, ఆలస్యం చేసేకొద్దీ తక్కువ. పనివాళ్లు రోడ్డున పడకుండా వారికీ సొమ్ము కేటాయించారు. డెన్మార్క్ రైతుకు దక్కనిది ఇదే: ఏ తేదీన, ఏ చట్టం కింద, ఎంత డబ్బుతో తన పని ముగుస్తుందో ముందే తెలియడం.

ఫిన్లాండ్ మాత్రం ఇంకా తెగించలేదు. ఫర్ మీద బతికే ఊళ్లు ఆస్ట్రోబోత్నియా తీరంలో కొన్ని ఉన్నాయి, అక్కడి ఓట్లూ ఉన్నాయి. ఆ ఊళ్లతో మాట్లాడకుండా రాజధానిలో కూర్చుని ఫారాలు మూయించమని నేను అనను. కానీ వచ్చే ఏడాది లైసెన్సుల కోసం, మార్పుల అనుమతుల కోసం వచ్చే దరఖాస్తుల్లో ఒక్క వరస అదనంగా అడగడానికి ఏ పార్టీ అనుమతీ అక్కర్లేదు: ఈ షెడ్లో వైరస్ పుడితే దాన్ని ఆపే ఖర్చు ఎవరిది, యజమానిదా, ఊరిదా? దానికి జవాబు రాయని దరఖాస్తును వెనక్కి పంపించాలి. అలాగే పోలండ్ షెడ్లలో 2033 దాకా ప్రతి మేలో లక్షల పిల్లలు పుడతాయి. వాటికి నీటి తొట్టి ఇవ్వమని ఇప్పుడు అడిగితే ఎవరూ ఇవ్వరని తెలుసు. తనిఖీకి వెళ్లే పశువైద్యుల సంఖ్యను మాత్రం గడువు దగ్గరపడుతోందన్న సాకుతో తగ్గించకూడదు. మూతపడబోయే ఫారంలోనే బోనుకు మరమ్మతు ఆగుతుంది, మేత నాణ్యత పడిపోతుంది, జబ్బు కబురు ఆలస్యంగా బయటికొస్తుంది. ఈ ఎనిమిదేళ్లకూ తనిఖీల బడ్జెట్‌ను పోలండ్ ప్రభుత్వం పరిహారం సొమ్ముతో పాటే విడిగా తీసిపెట్టాలి.